ముసల్ది మూగబోయిన వారం

బహుళ అష్టమి. కొలకర్ర మీద రెండు వేళ్లు.

ఈ రోజు రాయాల్సింది ఒకటే ముక్క. ముసల్ది లేవలేదు.

అంత పొట్టిగా రాస్తే గట్టు పెద్ద సుభద్రమ్మ గారు ఊరుకోరు. పదమూడో గట్టు యంత్రాల పుస్తకాన్ని ప్రతి అమావాస్య సభలోనూ అందరి ముందూ పైకి చదువుతారు కాబట్టి పిల్లలకి కూడా అర్థమయ్యేలా రాయమని ఆవిడ ఆజ్ఞ. పిల్లలకి ఎప్పుడూ అర్థమవుతూనే ఉంది. పెద్దవాళ్ల సంగతే నాకు అనుమానం. అయినా ఆజ్ఞ ఆజ్ఞే కదా, వివరంగానే రాస్తాను.

ముసల్ది అంటే మా ట్రాక్టరు. వయసులో నా కంటే పెద్దది. పొద్దున్న సముద్రం పాటుకి తగ్గగానే డ్రైవరు నూకరాజు ఎక్కి తాళం తిప్పాడు. మీటరులో ఎర్రదీపం వెలగలేదు. సెల్ఫ్ తిరగలేదు, కనీసం టిక్కుమనలేదు. హారను కూడా మోగలేదు. బుర్ర ఉన్నవాడైతే దిగి బ్యాటరీ పెట్టె తెరుస్తాడు. నూకరాజు దిగి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, చావు కబురు తెచ్చినవాడిలా నా షెడ్డు ముందు నిలబడి, "అక్కా, దానికి పేణం పోయింది" అన్నాడు. నెలన్నర కిందటి దాకా ఈయన పడవ నడిపేవాడు. పడవకి ఫ్యూజులుండవు.

ముసల్దాని వెనక షాఫ్టుకి తగిలించిన పంపు మీదే ఈ గట్టు బతుకుతోంది. మా పొలం సముద్రమట్టానికి మనిషిలోతు కింద ఉంటుంది. మా తాతల నాటికి సముద్రం ఇక్కడికి పన్నెండు మైళ్ల దూరమట, ఇప్పుడు నాలుగు వైపులా అదే. పోటు వేళ గట్టు అడుగు నుంచి ఉప్పునీరు ఊరుతుంది. పాటు వేళ దాన్ని తూములోంచి బయటికి తోసెయ్యాలి. కొలకర్ర మీద పది వేళ్లు దాటితే ఆ నీళ్లు నారుమడిలోకి ఎక్కుతాయి. రెండు పోట్లు నిలబడితే నారు చస్తుంది. ఉప్పుకి ఓర్చే ఆ వరి విత్తనం మా దగ్గర ఇంకో గింజ లేదు. అష్టమి పోటు చిన్నదే, కానీ రోజురోజుకీ పెరిగి అమావాస్య నాటికి గట్టు భుజం దాకా వస్తుంది.

షెడ్డులో ఇంకో ట్రాక్టరు ఉంది. దాన్ని తెలివైన ట్రాక్టరు అనేవాళ్లు. ఎక్కడో ఆకాశంలోంచి అనుమతి వస్తే గానీ అది కదలదు. ఆకాశంలో అనుమతులిచ్చేవాళ్లు మాట్లాడ్డం మానేసి ముప్పయ్యేళ్లయింది. దాని పైకప్పు మీద ఎండ పడగానే రోజూ పొద్దున్నే చక్కటి ఆడగొంతుతో, "మీ అనుమతి గడువు ముగిసింది" అంటుంది. దాని క్యాబిన్లో సుభద్రమ్మ గారి కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్నాయి. తెలివి లేని ముసల్దే కానుగ నూనె తాగి ఇన్నాళ్లూ మాకు చాకిరీ చేసింది.

ఈ రోజు చూసినవి: బ్యాటరీ కొసల మీద తెల్లటి పొడి ఉంది, వేణ్ణీళ్లతో కడిగి తోమాను. బ్యాటరీకి నేరుగా బల్బు తగిలిస్తే కళ్లు చెదిరేలా వెలిగింది. పెద్ద ఫ్యూజు బాగుంది. తాళం స్విచ్చి బాగుంది. ఎర్త్ పట్టీ, అంటే బ్యాటరీ మైనస్‌ని ట్రాక్టరు ఒంటికి కలిపే అల్లిక తీగ, చేత్తో లాగి చూశాను, బిగుతుగానే ఉంది. అది పోయిన నెల నేనే విప్పి బిగించింది.

బహుళ నవమి. మూడు వేళ్లు.

సుభద్రమ్మ గారు పొద్దున్నే కబురు పంపారు, ఎంత సేపు పడుతుందని. లోపం తెలిస్తే ఎంత సేపో చెప్పగలను, లోపం తెలిస్తే అసలు బాగే చేసేస్తాను అని చెప్పి పంపాను. ఆవిడకి కోపం వచ్చిందట.

ఇవాళ టెస్ట్ ల్యాంపుతో మొదలుపెట్టాను. ఇది రెండు తీగల మధ్య చిన్న బల్బు. ఒక కొస బ్యాటరీ మైనస్‌కి తగిలించి, రెండో కొసతో కరెంటు రావాల్సిన చోటల్లా తాకించుకుంటూ పోవాలి. ఫ్యూజు దగ్గర వెలిగింది. తాళం దగ్గర వెలిగింది. సెల్ఫ్ దగ్గర, హారను దగ్గర, నూనె కాయిలు దగ్గర, అన్ని చోట్లా వెలిగింది. కరెంటు అంతటా ఉంది, పని మాత్రం ఎక్కడా జరగడం లేదు. మా గట్టు కమిటీని గుర్తుచేసింది.

నా నడుం పట్టేస్తే ఒకసారి ల్యాంపు నూకరాజుకిచ్చి, సెల్ఫ్ దగ్గర మళ్లీ చూడమన్నాను. ఈ మహానుభావుడు బ్యాటరీ దాకా వెళ్లడానికి బద్ధకించి, ల్యాంపు కొసని పక్కనే ఉన్న ట్రాక్టరు బాడీకి తగిలించి, రెండో కొస సెల్ఫ్‌కి పెట్టాడు. వెలగలేదు. వెలగలేదక్కా, వెలగలేదక్కా అని రెండు సార్లు చెప్పాడు. దీపం పట్టుకోవడం కూడా రానివాడివి డ్రైవరువెలా అయ్యావని అడిగాను. ల్యాంపు లాక్కుని నేనే చూస్తే శుభ్రంగా వెలిగింది. వాడు కాసేపు తల గోక్కుని, ఎర్త్ విప్పి చూద్దామా అన్నాడు. అది నేను బిగించిందని చెప్పాను. అంతటితో ఆ మాట ఆగింది.

ఈ వాక్యాలన్నీ అమావాస్య నాడు సభలో నూకరాజే చదవాలి. పుస్తకం డ్రైవరు చదవడం ఇక్కడి ఆనవాయితీ. ఇరవై రెండేళ్లు మా తమ్ముడు బుల్లబ్బాయి చదివాడు. నేను ఎవర్ని ఏమని తిట్టి రాసినా, వాడు పేజీ మీద కళ్లు పరుగెత్తించి, తిట్లన్నీ దాటేసి, నట్లూ బోల్టులూ మాత్రమే చదివేవాడు. అందుకే నాకు ఈ గట్టు మీద ఇంకా ఎవరో ఒకరు కూర ఇస్తున్నారు. నూకరాజుకి ఆ నేర్పు లేదు. పోయిన అమావాస్యకి అక్షరం వదలకుండా చదివాడు, సుభద్రమ్మ గారి గురించి రాసింది కూడా. చదివి, ఇంకేమైనా ఉందా అన్నట్టు పేజీ తిప్పి చూశాడు.

బహుళ దశమి. నాలుగు వేళ్లు.

అనుమానం ఇప్పుడు నూనె కాయిలు మీదికి మళ్లింది. తాళం తిప్పినప్పుడు ఈ కాయిలు టక్కుమని లేచి నూనెకి దారి వదలాలి. అది లేవకపోతే ఇంజను ఎంత తిప్పినా లేవదు. బ్యాటరీ ప్లస్ నుంచి దానికి నేరుగా తీగ లాగి తాకించాను. టక్కుమనలేదు. మూడు సార్లు చూశాను. కాబట్టి కాయిలు కాలిపోయింది. కాయిలు కాలితే సెల్ఫూ హారనూ ఎందుకు చచ్చాయని నూకరాజు అడిగాడు. ఒక్కోసారి కలిసే చస్తాయని చెప్పాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, కానీ వాడికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

అద్దం మెరుపులతో ఇరవయ్యో గట్టుకి కబురు పంపించాం. అక్కడ యంత్రాల కొట్టు ఉంది, దానికి చిదంబరం అనే అధికారి ఉన్నాడు. కాయిలు పట్టుకుని తనే వస్తానని మెరుపులు తిరిగొచ్చాయి. రెండు రోజులు పడుతుందట.

మధ్యాహ్నం అందరూ గూడలు తీశారు. తాటాకు గూడకి అటొకరూ ఇటొకరూ తాళ్లు పట్టుకుని నీళ్లు తోడి గట్టు అవతలికి విసరడం. పక్క మడి దగ్గర ఒకావిడ, "సూరయ్యని ఇలా అందుకో" అంది. సూరయ్య అంటే పార. ఇది మా గట్టు పద్ధతి. మనిషి పోతే పదకొండో రోజున, ఆ మనిషి ఆఖరుగా చేసిన పనిముట్టు మీద పేరు రంగుతో రాస్తారు. ఆ రోజు నుంచి దాన్ని ఆ పేరుతోనే పిలవాలి. నాలుగు పారలు, ఒక బల్లకట్టు, రెండు వలలు మా మధ్య మనుషుల పేర్లతో తిరుగుతున్నాయి. అచ్చాయమ్మ చిరిగిందంటే వల కుట్టాలి. పోలయ్య కారుతున్నాడంటే బల్లకట్టుకి తారు పూయాలి. ఇంత పెద్ద వయసొచ్చినవాళ్లు ఇనపముక్కలతో కబుర్లు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా తమ్ముడు పోయినప్పుడు ముసల్దానికి వాడి పేరు పెడతామని కమిటీ అంతా కట్టగట్టుకుని నా దగ్గరికొచ్చారు. నేను ఒప్పుకోలేదు. పోయినవాడు పోయాడు, ట్రాక్టరు ట్రాక్టరేనని చెప్పాను. తోడబుట్టిన దానికే లేకపోతే మనకెందుకని వెళ్లిపోయారు.

బహుళ ఏకాదశి. అయిదు వేళ్లు.

ఈ రోజు జరిగింది రాయాలంటే సిగ్గుగా ఉంది, నాకు కాదు, వాళ్ల తరఫున. ముసల్దానికి మోకు కట్టి గట్టు మీద లాగితే ఇంజను అదే అందుకుంటుందని ఎవరో సుభద్రమ్మ గారి చెవిలో ఊదారు. నూనె కాయిలు లేవకపోతే చంద్రమండలం దాకా లాగినా లేవదని నేను చెప్పాను. మనిషి ప్రయత్నం మనిషి చెయ్యాలన్నారావిడ. ముప్పై ఒక్క మంది మోకు పట్టుకుని, హైలెస్సా అంటూ గట్టు పొడుగునా లాగారు. ముసల్ది బుసలు కొట్టింది, రెండు సార్లు ఊగింది, అంతే. ఇద్దరికి అరచేతులు ఒలుచుకుపోయాయి. ఒకాయనకి నడుం పట్టేసింది. గూడలు వెయ్యాల్సిన ముప్పై ఒక్క మంది ఒక పూటంతా ఊరేగింపు చేశారు. ఆ పూటకే వేలెడు నీరు పెరిగింది.

మోకు విప్పాక అందరూ నా వంక చూశారు. అందరికంటే ముందు నిలబడి లాగినవాడు నూకరాజు. వాడి చేతులకి గుడ్డ కట్టి ఉంది. నేను చెప్పాను కదా అన్నాను. అందరూ గూడల దగ్గరికి వెళ్లిపోయారు.

బహుళ ద్వాదశి. ఆరున్నర.

చిదంబరం గారు దయచేశారు. తెల్లచొక్కా, చంకలో పుస్తకం, జేబులో మూడు కలాలు. ఈ ఉప్పుగాలిలో తెల్లచొక్కా తెల్లగా ఉందంటే ఆ మనిషి ఎప్పుడూ ఏ యంత్రం కిందా దూరలేదని అర్థం. పడవ దిగగానే మజ్జిగ అడిగాడు. తాగి, పుస్తకం తెరిచి, ఒక్కొక్కటే అడిగి టిక్కులు పెట్టడం మొదలుపెట్టాడు. బ్యాటరీ చూశారా? చూశాను. ఫ్యూజు? చూశాను. తాళం? చూశాను. ఎర్త్? చూశాను. టిక్కు. నేను చెప్పినవి రాసుకోవడానికి అంత దూరం నుంచి రావాలా అనిపించింది.

కొత్త కాయిలు బిగించాం. తీగ తాకించాను. టక్కుమనలేదు. చిదంబరం కళ్లజోడు తుడుచుకుని మళ్లీ తాకించమన్నాడు. మళ్లీ టక్కుమనలేదు. అప్పుడాయన గొంతు సవరించుకుని, సమస్య లోతైనదనీ, వైర్లన్నీ మార్చాలనీ, ముసల్దాన్ని బల్లకట్టు మీద తమ కొట్టుకి తీసుకెళ్లాలనీ, ఇరవై రోజులు పడుతుందనీ చెప్పాడు. ఇరవై రోజులకి ఇక్కడ చేపలు తప్ప ఏమీ మిగలవని చెప్పాను. అందుకే ఇది కూడా తెచ్చానని పుస్తకంలోంచి ఒక కాగితం తీశాడు.

అది గట్టు ఖాళీ చెయ్యడానికి ఒప్పుకునే కాగితం. గట్టు పెద్ద సంతకం పెడితే పాడ్యమి నాడు పెద్ద పడవ వస్తుంది. ఒక్కో గట్టు మీద ఎన్ని కంచాలకి చోటుంటే అంత మందిని దింపుకుంటూ పోతుంది. ఏడో గట్టు అలాగే ఖాళీ అయింది. అన్న ఒక చోట, చెల్లెలు ఒక చోట పడ్డారు. వాళ్ల తూము మీద ఇప్పుడు కొంగలు వాలుతున్నాయి. సుభద్రమ్మ గారు కాగితం తీసుకుని మడిచి బొడ్లో దోపుకున్నారు. సంతకం పెట్టలేదు, అలా అని చింపెయ్యనూ లేదు.

బహుళ త్రయోదశి. ఎనిమిది వేళ్లు.

గూడలు రాత్రీ పగలూ వేస్తున్నా వేలు మీద వేలు పెరుగుతోంది. చిదంబరం వెళ్లలేదు, వైర్లన్నీ విప్పి పొడవులు కొలిచి రాసుకుంటున్నాడు. విప్పడం ఆయనకి బాగానే వచ్చు.

సుభద్రమ్మ గారు మధ్యాహ్నం నా షెడ్డుకొచ్చారు. కోళ్లని చూడ్డానికి వచ్చారనుకున్నాను. తెలివైన ట్రాక్టరు మెట్టు మీద కూర్చుని, "వీరవేణీ, రేపు పొద్దుటి పాటుకి అది లేవకపోతే నేను సంతకం పెట్టేస్తాను" అన్నారు. తర్వాత, "నాకు ఇంకో దారి కనపడ్డం లేదమ్మా. నీకేమైనా కనపడుతుంటే చెప్పు" అన్నారు.

ఇరవై ఏళ్లలో ఆవిడ నన్ను సలహా అడగడం ఇదే మొదటిసారి. నాకేం కనపడ్డం లేదని చెప్పాను. అప్పటికి అది నిజమే.

ఆవిడ వెళ్లాక నూకరాజు వచ్చాడు. ముసల్దాని సీటు ఎక్కి కూర్చున్నాడు. తాళం తిప్పడానికి కాదు, ఊరికే. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి మడి వైపు చూస్తున్నాడు. మా తమ్ముడు సరిగ్గా అలాగే కూర్చునేవాడు. నాకు ఎక్కడలేని మంటా పుట్టుకొచ్చింది. ఎర్త్ ఒక్కసారి విప్పి చూద్దామక్కా అని వాడు మళ్లీ ఎత్తాడు. ఆ సీటులో కూర్చున్నంత మాత్రాన నువ్వు వాడివైపోవని అరిచాను. నీ కంటే ఆ కోళ్లు నయం అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను.

వాడు దిగాడు. తలగుడ్డ చుట్టుకుంటూ, "నేను బుల్లబ్బాయినవుదామని కూర్చోలేదక్కా. నడుం నొప్పెట్టి కూర్చున్నాను. దీపం బ్యాటరీకి పెడితే వెలిగింది, బాడీకి పెడితే వెలగలేదు. ఎందుకో తెలీక అడిగాను, అంతే" అన్నాడు. అని గూడ దగ్గరికి వెళ్లిపోయాడు.

నేను అక్కడే కూలబడ్డాను. ఎందుకో నాకు తెలిసింది.

ల్యాంపు మైనస్ కొస బ్యాటరీకి పెట్టినంత కాలం అది వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే నేనే దానికి దొంగదారి చూపించాను. అసలు దారి ట్రాక్టరు ఒంట్లోంచి ఎర్త్ పట్టీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లాలి. ఆ దారి తెగితే దీపం, సెల్ఫ్, హారను, కాయిలు అన్నీ ఒక్కసారే చస్తాయి. కొత్త కాయిలు కూడా చస్తుంది. మొదటి సంవత్సరం నేర్చుకునేవాళ్లకి నేను చెప్పే మొదటి పాఠం అదే. నవమి నాడు నూకరాజు బద్ధకంతో చేసినదే సరైన పరీక్ష. నేను చేసినది తప్పుడు పరీక్ష, దాన్ని అయిదు రోజులు పదే పదే చేశాను.

ఇది తెలిసినప్పుడు పాటు ఇంకా సగం మిగిలి ఉంది. పట్టీ విప్పడానికి పదమూడో నంబరు పానా, పావుగంట చాలు, చిదంబరం విప్పిన వైర్లు కలపడానికి ఇంకో గంట. నేను లేవలేదు. పోటు మళ్లీ వచ్చేదాకా షెడ్డులో కూర్చున్నాను.

బహుళ చతుర్దశి. తెల్లవారేసరికి తొమ్మిదిన్నర.

ఎందుకు లేవలేదో రాస్తాను.

తమ్ముడి పదకొండో రోజు కమిటీని వెళ్లగొట్టాక నేను పానా తీసుకుని ముసల్దాని దగ్గరికెళ్లాను. గేరుపెట్టె పక్కన ఎర్త్ పట్టీ బిగించే చదును అరచేతిలో సగం ఉంటుంది. పట్టీ విప్పి, దాన్ని గీకి తళతళలాడేలా చేశాను. దాని మీద సన్నకుంచెతో తెల్లరంగుతో బుల్లి అని రాశాను. బుల్లబ్బాయి అని కాదు. చిన్నప్పుడు నేనొక్కదాన్నే పిలిచిన పేరది, నలుగురిలో ఎప్పుడూ పిలవలేదు. ఉప్పుగాలికి చెరిగిపోకూడదని పైన రెండు పూతలు వార్నిషు వేశాను. ఆరిందాకా కూర్చుని, పట్టీ మళ్లీ పైన పెట్టి బిగించేశాను. అక్కడైతే ఎవరికీ కనపడదు. ఇనుముతో మాట్లాడేవాళ్లని ఇన్నేళ్లు వెక్కిరించిన దాన్ని, పట్టుబడటం నాకిష్టం లేదు.

ఎర్త్ కింద పచ్చి ఇనుము ఉండాలి. రంగు ఉండకూడదు, వార్నిషు అసలే ఉండకూడదు. ఈ సంగతి మా గట్టు మీద ఎవర్నడిగినా చెబుతారు. ఆ రోజు నాకు ఇనుము గుర్తులేదు, వాడొక్కడే గుర్తున్నాడు. నెలన్నర పాటు బోల్టు మరల్లోంచి ఎంతో కొంత కరెంటు పోతూ వచ్చింది. తర్వాత ఉప్పు ఆ మరల్లోకి ఎక్కింది.

నిన్న ఈ సంగతి తెలిశాక నాకు మొదట తట్టింది నారు కాదు, గట్టు కాదు. పట్టీ విప్పితే ఆ పేరు గీకెయ్యాలి కదా అన్నది. రెండోది, నూకరాజు చెప్పింది నిజమని ఒప్పుకోవాలి కదా అన్నది. ఈ రెంటికోసం ఒక పాటు పోగొట్టాను. ఒకటిన్నర వేలు నీరు నా వల్ల పెరిగింది. రాత్రంతా ఎనభై మంది గూడలు వేసింది నా పొగరుని తోడటానికి. ఈ పుస్తకంలో నేను చాలా మందిని వెధవాయిలని రాశాను. వాళ్లలో ఎవరూ ఇంత పని చెయ్యలేదు.

తెల్లవారి పాటు మొదలవగానే వెళ్లాను. చిదంబరం విప్పిన వైర్లన్నీ పొద్దు పొడవకముందే తిరిగి కలిపేసి ఉన్నాయి, ఆయనే కలిపాడు, తెల్లచొక్కా నల్లగా అయింది. ఆయనకి ఎర్త్ చూశానని నేను అబద్ధం చెప్పానని చెప్పాను. ఆయన పుస్తకం తీసి ఆ టిక్కు కొట్టేశాడు. నూకరాజుని పిలిచి సీటు ఎక్కమన్నాను.

పట్టీ విప్పాను. పేరు అలాగే ఉంది, నా చేతిరాత, కింద వంకర పోయిన వత్తుతో సహా. గరుకు కాగితం పెట్టి రుద్దడానికి చెయ్యి రాలేదు. సుభద్రమ్మ గారు నా వెనకే నిలబడ్డారు. ఆవిడ పేరు చదివారు. బొడ్లో కాగితం ఉంది, కలం చేతిలోనే ఉంది. తొందరపెట్టలేదు. గట్టు మీద గూడల చప్పుడు వినపడుతోంది. రుద్దాను. మొదట వార్నిషు పోయింది, తర్వాత ల్లి పోయింది, తర్వాత మిగతాది పోయింది. కింద ఇనుము తెల్లగా బయటపడింది. బోల్టు మరలు కూడా తోమి బిగించాను.

తల ఎత్తకుండానే, "తిప్పు బుల్లీ" అన్నాను.

నూకరాజు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, "ఆయ్, తిప్పుతున్నానక్కా" అన్నాడు.

ఎర్రదీపం వెలిగింది. కాయిలు టక్కుమంది. సెల్ఫ్ రెండు చుట్లు తిరిగి ఇంజను అందుకుంది. కానుగ నూనె పొగ నా మొహాన కొట్టింది. నా కళ్లలో నీళ్లు ఆ పొగ వల్ల వచ్చాయని రాద్దామనుకున్నాను, కానీ ఈ పుస్తకంలో ఇప్పటికే ఒక అబద్ధం ఉంది. పంపు పట్టి తూములోంచి నీళ్లు బయటికి పడుతుంటే గూడలు ఆగిపోయాయి. మధ్యాహ్నానికి కొలకర్ర మీద ఆరు. సుభద్రమ్మ గారు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి కోళ్ల గూట్లో పరిచారు.

అమావాస్య. పొద్దున్న మూడు వేళ్లు. సాయంత్రం సభ.

పెద్దపోటు వచ్చి వెళ్లింది. నారుమడికి తూర్పు అంచున, పల్లంలో ఉన్న రెండు చాళ్లు పసుపెక్కాయి. మిగతాది పచ్చగా ఉంది.

పద్ధతి ప్రకారం పూరించాల్సినవి:

లోపం: ట్రాక్టరుకి ఎర్త్ అందకపోవడం. కారణం: ఎర్త్ పట్టీ కింద రంగు, వార్నిషు. చేసినవారు: మెకానిక్ వీరవేణి. లోపం మొదట కనిపెట్టినవారు: డ్రైవరు నూకరాజు, నవమి నాడు. కనిపెట్టినందుకు అతనికి దక్కినవి: పైన రాసిన తిట్లు. నష్టం: రెండు చాళ్ల నారు, ఏడు రోజుల చాకిరీ, ఇద్దరి అరచేతులు, ఒక నడుం, ఒక తెల్లచొక్కా.

ఇకపై తీసుకోవాల్సిన జాగ్రత్త: మెకానిక్ తను బిగించినదాన్ని అందరికంటే ముందు విప్పి చూడాలి.

కమిటీ వారికి మనవి. ముసల్దానికి మా తమ్ముడి పేరు పెట్టడానికి నాకిప్పుడు అభ్యంతరం లేదు. బానెట్ మీద రాయండి, పెద్ద అక్షరాలతో, అందరికీ కనపడేలా. రాసేవాళ్లు ఎర్త్ పట్టీకి మూడు జానల దూరంలో ఉంటే చాలు. పొద్దున్నే దాన్ని పేరు పెట్టి పిలవమంటే పిలుస్తాను. ఎవరూ నవ్వకూడదని అడిగే హక్కు నాకు లేదు.

నూకరాజూ, మా తమ్ముడైతే ఈ పేజీ దాటేసేవాడు. నువ్వు దాటెయ్యకు.